‘నైపుణ్యం లేదు’ అన్న మాట

ఏజెన్సీలో యువత గురించి ఎక్కడ సభ జరిగినా ఒక మాట తప్పకుండా వినపడుతుంది. “కొలువులకు కొదవ లేదు, మన పిల్లలకే నైపుణ్యం లేదు” అని. వేదిక మీద అధికారి అంటాడు. కంపెనీ తరఫున వచ్చినాయన అంటాడు. ఒక్కోసారి మన సంఘం పెద్ద కూడా అదే అంటాడు. కింద కూర్చున్న డిగ్రీ పిల్లవాడు తల వంచుకొని వింటాడు. నాలుగు సభల్లో విన్నాక అదే మాట తన గురించి తనే అనుకోవటం మొదలుపెడతాడు. ఈ వ్యాసం ఆ ఒక్క మాట మీద.

మనం కథను, పాటను విమర్శకు పెడతాం. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, అందులో మన మనిషి ఎట్లా కనపడుతున్నాడు అని అడుగుతాం. పథకం కూడా ఒక రాతే. దానికీ రాసినవాళ్ళు ఉంటారు. దాని నిబంధనల్లో కూడా ఒక మనిషి బొమ్మ ఉంటుంది. నిరుద్యోగ యువతకు పని నేర్పే పథకాలను అదే కంటితో చదవాలి. అట్లా చదివితే నాకు కనపడింది ఇది: ఇప్పటి శిక్షణ మన పిల్లల చేతిలో ఉన్న పనిని చూడదు, వాళ్ళకు నిజంగా కొరతగా ఉన్నదాన్ని నేర్పదు. ఈ రెండింటి మధ్య ఇంకేదో నేర్పి, సర్టిఫికెట్ ఇచ్చి, లెక్క రాసుకుంటుంది. శిక్షణ వద్దని నేను అనటం లేదు. మనకు ఇంకా మంచి శిక్షణ రావాలనే ఇదంతా.

పేర్లు మారిన దారి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఎంప్లాయ్‌మెంట్ జనరేషన్ అండ్ మార్కెటింగ్ మిషన్ మొదలైంది. ఇ.జి.ఎం.ఎం. అంటే చాలా గూడేలకు తెలుసు. ఇంగ్లీషు, కంప్యూటరు, ఉద్యోగానికి తయారుకావటం కలిపి నేర్పే అకాడమీలు, సెక్యూరిటీ గార్డు శిక్షణలు దాని నుంచి వచ్చాయి. 2011లో రాజీవ్ యువకిరణాలు వచ్చింది. మూడేళ్ళలో 15 లక్షల ఉద్యోగాలు దాని లక్ష్యం. 2014 సెప్టెంబరులో కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన తెచ్చింది. 2015 జులైలో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన, 2019 డిసెంబరులో ఉపాధి హామీ కూలీల కోసం ‘ఉన్నతి’. ఇవిగాక ఐటిడిఎ యూత్ ట్రైనింగ్ సెంటర్లు ఉన్నాయి. ఇరవై ఏళ్ళలో ఇన్ని పేర్లు.

ఇంకోపక్క నిరుద్యోగ భృతి మాట నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరులో ముఖ్యమంత్రి యువనేస్తం కింద నెలకు 1,000 రూపాయలతో భృతి మొదలైంది, భృతితోపాటు శిక్షణ కూడా ఇస్తామన్నారు. 2019లో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. తెలంగాణలో 2018 ఎన్నికల్లో ఒక పార్టీ 3,016 రూపాయలు ఇస్తామన్నది. గెలిచింది, ఇవ్వలేదు. 2023లో ఇంకొక పార్టీ 4,000 అన్నది. అంకె అయితే పెరిగింది.

గోదావరి గట్టున ఉన్న మనకు ఇంకొక చిక్కు ఉంది. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక అటు పోయింది. అంగడికి, ఆసుపత్రికి భద్రాచలం వచ్చే పిల్లవాడు శిక్షణకు మాత్రం చింతూరు ఐటిడిఎ కాగితంలో ఉంటాడు. మేనమామ కొడుకు ఒక రాష్ట్రం పథకానికి అర్హుడు, మేనత్త కొడుకు ఇంకొక రాష్ట్రం పథకానికి. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే ఇంటిపేరు, ఒకే వేల్పు.

నిబంధనల్లో కనపడే మనిషి

పైన చెప్పినవాటిలో గ్రామీణ కౌశల్య యోజన నిబంధనలు కాస్త వివరంగా ఉన్నాయి కాబట్టి వాటినే చదువుదాం. 15 నుంచి 35 ఏళ్ళ వయసు. మహిళలకు, ఆదివాసుల్లో మరీ వెనకబడ్డ తెగలకు (పీవీటీజీలకు), ఇంకొన్ని వర్గాలకు 45 దాకా సడలింపు. నిధుల్లో సగం ఎస్సీ, ఎస్టీలకు. ఇది మంచిదే. శిక్షణ పొందినవాళ్ళలో కనీసం 70 శాతం మందికి సంస్థ ఉద్యోగం చూపాలి. ఉద్యోగం చూపినట్టు లెక్కకు రావాలంటే మూడు నెలలు జీతం అందినట్టు రుజువు ఉండాలి. ఇదీ మంచిదే, పాత పథకాలకన్నా ఒక మెట్టు పైన.

అయితే నాలుగో నెలలో ఏం జరుగుతుంది? సంస్థ లెక్క మూడో నెలతో ముగుస్తుంది. పిల్ల బతుకు నాలుగో నెలతో మొదలవుతుంది. దుమ్ముగూడెం మండలం లోపలి గూడెం నుంచి ఇంటర్ పాసైన అమ్మాయి హైదరాబాదులో ఒక దుకాణంలో చేరిందనుకుందాం. హాస్టల్ అద్దె, తిండి, బస్సు పోను చేతిలో మిగిలేది ఎంత? అమ్మకు జ్వరం వస్తే ఊరికి వచ్చిపోయే ఖర్చు ఎవరిది? అట్లా వచ్చిన నాలుగు రోజులకు జీతం కోస్తే అడగటం ఎట్లా? ఈ ప్రశ్నలకు జవాబు పాఠంలో ఉండదు. అమ్మాయి తిరిగి వస్తుంది. “మన పిల్లలు నిలబడరు” అని ఇంకో మాట పుడుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆదుకోవటానికి ఆ పథకంలో నెలకు 1,000 రూపాయల సాయం ఉంది. సొంత జిల్లాలో చేరితే రెండు నెలలు, రాష్ట్రంలో వేరే జిల్లా అయితే మూడు నెలలు, రాష్ట్రం దాటితే ఆరు నెలలు. ఈ నిబంధనను మన సరిహద్దులో పెట్టి చదవండి. చర్ల నుంచి హైదరాబాదు పోయిన పిల్లవాడు మూడు వందల కిలోమీటర్లు దాటి పోయినా సొంత రాష్ట్రంలోనే ఉన్నాడు, అతనికి మూడు నెలలు. ఎటపాక నుంచి పక్కనే ఉన్న భద్రాచలంలో చేరినవాడు రాష్ట్రం దాటినట్టే, అతనికి ఆరు నెలలు. రాసినవాళ్ళకు చెడు ఉద్దేశం ఉందని నేను అనను. వాళ్ళ మనసులో ఉన్న పటంలో మన గూడెం లేదు, అంతే.

పని దొరకనివాడికి శిక్షణ లేదు

‘ఉన్నతి’ని ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. ఉపాధి హామీ పనికి పోయే కుటుంబాల్లో 18 నుంచి 45 ఏళ్ళ మధ్య ఒకరికి పని నేర్పి, కూలి పనుల నుంచి పైకి తేవటం దీని ఉద్దేశం. శిక్షణ రోజుల్లో కూలి రేటుకు సమానంగా, 100 రోజులకు మించకుండా స్టైపెండ్ ఇస్తారు. మన ఇళ్ళలో పిల్లవాడు శిక్షణకు పోతే ఆ రోజు కూలి పోతుంది. ఆ కూలి నష్టాన్ని గుర్తించిన పథకం ఇది. అందుకు మెచ్చుకోవాలి.

కానీ అర్హత ఏమిటి? ఆ కుటుంబం ఏడాదిలో 100 రోజుల పని పూర్తి చేసి ఉండాలి. 100 రోజులు పూర్తయిందంటే ఆ ఊళ్ళో పనులు బాగా నడిచాయని, మస్టర్లు సరిగా పడ్డాయని అర్థం. పని అడిగినా దొరకని గూడెం, సిగ్నల్ లేక హాజరు పడని గూడెం, ఫీల్డ్ అసిస్టెంటు రాని గూడెం ఈ గడప దాటలేవు. 2023 జనవరి నుంచి పనిచోట హాజరు ఫోను యాప్‌లో ఫొటో తీసి పెట్టాలన్న నియమం వచ్చాక, ఫోను పలకని అడవి ఊళ్ళకు గడప ఇంకొంచెం ఎత్తయింది. ఎవరికి పని ఎక్కువ దొరికిందో వాళ్ళకే పని నేర్పుతాం అంటే, అసలు నిరుద్యోగి బయటే నిలబడతాడు.

ఇంకా బయట నిలబడ్డవాళ్ళున్నారు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు పట్టుకొని ఇటు వచ్చిన కుటుంబాలు అడవి అంచున ఉన్నాయి. మనం గుత్తికోయలంటాం. ఖమ్మం మిర్చి చేలల్లో కాయ ఏరేది చాలాచోట్ల వాళ్ళే. ఇక్కడ వాళ్ళకు ఎస్టీ గుర్తింపు లేదు. ఆ గుర్తింపు కాగితం అడిగే ఏ బ్యాచ్‌లోనూ వాళ్ళ పిల్లలు ఉండరు. ఏజెన్సీ యువత అని మనం అంటున్నప్పుడు వాళ్ళను కూడా కలుపుకొని అంటున్నామా? ఈ ప్రశ్న ప్రభుత్వానికే కాదు, మనకు కూడా.

చేతిలో ఉన్న పని

శిక్షణ మొదటి రోజు మన పిల్లలను ఖాళీ కుండల్లా కూర్చోబెడతారు. నిజంగా ఖాళీనా?

తునికాకు సంగతి తీసుకోండి. మరీ లేత ఆకు పనికిరాదు, ముదిరింది పనికిరాదు. తెల్లవారకముందే అడవికి పోవాలి. ఎండ ముదిరేలోగా తేవాలి. కట్టకు 50 ఆకులు. కల్లంలో ఆరబోత, తిరగేయటం, వానకు తడవకుండా చూడటం. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఇందులో నాణ్యత పరీక్ష ఉంది, సమయపాలన ఉంది, లెక్క ఉంది, నలుగురు కలిసి చేసే పని ఉంది. శిక్షణ పుస్తకంలో ఇవే మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో కల్లం దగ్గర కూర్చొని కట్టలు లెక్కపెట్టి అమ్మకు చెప్పిన పిల్లకు “టీమ్ వర్క్” అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పనక్కరలేదు. నీకు ఇది వచ్చు, దీన్ని దుకాణంలో ఇట్లా వాడాలి అని చెబితే చాలు.

చేతిలో ఉన్న పని మీద శిక్షణ కడితే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. తపసి బంక తీయటం మన పెద్దలకు ఎప్పటినుంచో తెలుసు. అయితే గొడ్డలితో లోతుగా నరికి తీయటంతో చెట్టు దెబ్బతినేది, బంకలో బెరడు కలిసి ధర పడిపోయేది. ఉమ్మడి రాష్ట్రంలో 1990ల్లో గిరిజన సహకార సంస్థ ద్వారా చెట్టు చావకుండా చిన్న గాట్లు పెట్టటం, బంకను శుభ్రంగా తీసి ఆరబెట్టటం, రకాలుగా వేరుచేయటం నేర్పారు. శుభ్రమైన బంకకు మంచి ధర వచ్చింది, చెట్టు నిలిచింది. ఇక్కడ నేర్పినవాళ్ళు “మీకేమీ రాదు” అని మొదలుపెట్టలేదు. “మీకు వచ్చినదాన్ని ఇంకా బాగా చేద్దాం” అన్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

ఈ ఆలోచన ప్రభుత్వానికి కొత్త కాదు. కౌశల్ వికాస్ యోజనలోనే ‘రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్’ అని ఒక భాగం ఉంది. బడికి పోకుండా నేర్చుకున్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వటం దాని సంగతి. వెదురు పని, తేనె తీయటం, అటవీ ఫలసాయం రకాలు వేరుచేయటం, విత్తనం దాచటం మన ప్రాంతంలో ఈ దారిన ఎందుకు పరీక్షకు రాకూడదు? ఐటిడిఎ గిరిజన దర్బారుకు అర్జీలు పట్టుకుపోయే మన యువజన సంఘాలు ఈ అర్జీ కూడా పట్టుకుపోవాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన రాతల్లో అడవి జ్ఞానాన్ని పొగిడి ఊరుకునే అలవాటు ఉంది. అడవిలో వంద చెట్ల పేర్లు చెప్పగలిగిన యువకుడు బ్యాంకులో ఒక ఫారం నింపలేక పక్కవాణ్ని బతిమాలుతుంటే, ఆ వంద పేర్లు ఆ గంటలో అక్కరకు రావు. పొగడ్త అతని పని చేసిపెట్టదు. కొరత ఉంది. అది ఏదో సరిగ్గా గుర్తించటమే మన బాధ్యత.

అసలు కొరత కాగితం దగ్గర

పనికి అవసరమైన నైపుణ్యాలు ఏవి అని కెనడా ప్రభుత్వం ఒకప్పుడు తొమ్మిదింటి జాబితా తయారుచేసింది. చదవటం, రాయటం, లెక్క, మాట్లాడటం, కలిసి పనిచేయటం, ఆలోచించటం, కంప్యూటరు, నేర్చుకుంటూ ఉండటం. వీటితో పాటు ఇంకొకటి పెట్టారు: పత్రాలను వాడుకోవటం. అంటే ఫారం, పట్టిక, రశీదు, జీతం చీటీ, నోటీసు వంటివి చూసి అర్థం చేసుకొని వాటితో పని జరిపించుకోవటం. కథ చదవటం వేరు, చీటీ చదవటం వేరు అని వాళ్ళు గుర్తించారు.

ఇది వెనకబడ్డ ప్రాంతాల కొరత మాత్రమే అనుకోవద్దు. ఇంగ్లండులో 1999లో మోజర్ కమిటీ సుమారు 70 లక్షల మంది పెద్దలకు, అంటే అయిదుగురిలో ఒకరికి, రోజువారీ చదువూ లెక్కా సరిగా రావని తేల్చింది. 2001 నుంచి అక్కడ పెద్దలకు ఉచితంగా తరగతులు పెట్టారు. నిరుద్యోగ భృతి తీసుకునేవాళ్ళను కూడా వాటికి పంపారు. బడులు దండిగా ఉన్న దేశంలోనే అట్లా ఉంటే మన పిల్లవాడు సిగ్గుపడవలసింది ఏమీ లేదు. సిగ్గు పోతేనే నేర్చుకోవటం మొదలవుతుంది.

ఇప్పుడు మన ఇంటి కాగితం దగ్గరికి వద్దాం. 2005 ఉపాధి హామీ చట్టం ఏడో సెక్షన్‌లో నిరుద్యోగ భృతి ఉంది. పని కోసం దరఖాస్తు పెట్టిన 15 రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులు కూలి రేటులో నాలుగో వంతుకు తగ్గకుండా, ఆ తర్వాత సగానికి తగ్గకుండా. 2024–25లో మన రెండు రాష్ట్రాల్లో కూలి రేటు రోజుకు 300 రూపాయలు. నాలుగో వంతు 75. ముప్ఫై రోజులకు 2,250. ఆపైన ఇంకో పది రోజులు పని దొరకలేదనుకోండి, రోజుకు 150 చొప్పున 1,500. నలభై రోజులకు మొత్తం 3,750. కుటుంబానికి ఏడాది పరిమితి వంటి షరతులు ఉన్నాయి, అవీ తెలుసుకోవాలి. అయినా చూడండి, 3,016 వస్తుందేమోనని ఎదురుచూసిన ఇళ్ళలోనే ఈ చట్టం ఉంది.

మరి ఎంతమంది అడిగారు? అడగాలంటే ముందు దరఖాస్తుకు తేదీ వేసిన రశీదు చేతిలో ఉండాలి. రశీదు లేకపోతే పని అడిగినట్టు రుజువు ఉండదు. భృతి చెల్లించవలసింది రాష్ట్ర ప్రభుత్వం కాబట్టి రశీదు ఇవ్వటానికి ఎవరికీ తొందర ఉండదు. రశీదు అడగటం, తేదీ చూడటం, 15 రోజులు లెక్కవేయటం, నాలుగో వంతు కట్టటం, అర్జీ రాయటం, అధికారి ముందు నిలబడి చెప్పటం. ఈ ఆరు పనుల్లో చదువు, రాత, లెక్క, మాట, పత్రం అన్నీ ఉన్నాయి. ఉద్యోగానికి అవసరమైన నైపుణ్యాలంటే ఇవే. జాబ్ కార్డు చదవగలిగిన పిల్ల రేపు హైదరాబాదులో జీతం చీటీ చదవగలదు. పీఎఫ్ ఎంత కోశారు, ఓవర్‌టైం కలిపారా లేదా అని అడగగలదు. అట్లా అడగగలిగితే నాలుగో నెలలో కూడా నిలబడుతుంది.

ఇది ఊహ కాదు, మన దగ్గర జరిగింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి బహిరంగ విచారణల్లో మస్టర్లు చదివి వినిపించింది. ఆ దారిలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. ఉపాధి హామీ మొదటి విడతలోనే ఖమ్మం జిల్లా ఉంది. కూలికి పోయే కుటుంబాల్లో చదువుకున్న పిల్లలనే తీసుకొని, కొద్ది రోజులు నేర్పి, గ్రామ సామాజిక తనిఖీకి పంపారు. వాళ్ళు మస్టర్ చదివారు, ఇంటింటికీ పోయి పాస్‌బుక్కుతో సరిచూశారు, తవ్విన కాలువను టేపుతో కొలిచారు, గ్రామసభలో లేచి చదివారు, మండలంలో ప్రజావేదిక ముందు అధికారుల ఎదుట చెప్పారు. నిన్నటిదాకా “నైపుణ్యం లేదు” అనిపించుకున్న పిల్లలే. అది ఏడాది పొడుగునా ఉండే కొలువు కాదు, ఇచ్చేది కూడా కొద్దే. కానీ నేర్పిన పద్ధతి చూడండి. నిజమైన కాగితం, నిజమైన పని, నిజంగా వినే జనం. తరగతి గదిలో అద్దం ముందు నిలబడి “గుడ్ మార్నింగ్ సర్” అనటం నేర్పినదానికి, దీనికి పోలిక లేదు.

ఏ భాషలో నేర్పుతున్నారు?

2011 జనగణనలో కోయ మాతృభాషగా చెప్పినవాళ్ళు నాలుగు లక్షలకు పైనే. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో 8 ఆదివాసీ భాషల్లో, 240 బడుల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. అందులో కోయ కూడా ఉంది. ఆరేళ్ళ పిల్లకు ఇంటి భాషలో చెబితే తొందరగా తెలుస్తుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. మరి ఇరవై ఏళ్ళ పిల్లకు?

శిక్షణ కేంద్రంలో పాఠం ఇంగ్లీషు మాటలతో నిండిన తెలుగులో నడుస్తుంది. ఇంట్లో కోయ మాట్లాడే అమ్మాయి రెండు మెట్లు ఎక్కి వినాలి. ముందు తెలుగులోకి, అక్కడినుంచి ఇంగ్లీషులోకి. అర్థం కాకపోయినా తల ఊపుతుంది. నేర్పేవాళ్ళు దానికి “కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ” అని పేరు పెడతారు. రెండు, మూడు భాషల మధ్య రోజూ తిరిగే మనిషికి మాట తక్కువ అనటం న్యాయం కాదు. మొదటి పక్షం రోజులు కోయ వచ్చిన ఒక్కరు పక్కన ఉండి కష్టమైన మాటలను విప్పి చెబితే బ్యాచ్ నడిచే తీరే వేరుగా ఉంటుంది. అట్లా చెప్పగలిగినవాళ్ళు మన గూడేల్లో ఉన్నారు, వాళ్ళూ కొలువు కోసమే చూస్తున్నారు.

నైపుణ్యం ఒక్కటే సరిపోతుందా?

ఎదుటివాళ్ళ మాటలో నిజం ఎంతో అది కూడా చెప్పాలి. శిక్షణ తీసుకొని నిలబడ్డ పిల్లలు ఉన్నారు. మొదటిసారి సొంత పేరుతో బ్యాంకు ఖాతా, సొంత సంపాదన, పెళ్ళి ఎప్పుడో తనే చెప్పగలిగే ధైర్యం వచ్చిన అమ్మాయిలు ఉన్నారు. వాళ్ళను తక్కువ చేసే విమర్శ నాది కాదు. కానీ “నైపుణ్యం వస్తే కొలువు దానంతట అదే వస్తుంది” అన్నది మాత్రం నిజం కాదు.

ఉపాధ్యాయ కొలువుల సంగతే చూడండి. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబరు 3 షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అన్నది. దాన్ని నమ్ముకొని మన పిల్లలు టీటీసీలు, బీఈడీలు చదివారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. ముందు రోజుకు, మరుసటి రోజుకు మధ్య ఆ పిల్లల నైపుణ్యం తగ్గలేదు. దారి మూసుకుపోయింది, అంతే.

మన చుట్టూ పరిశ్రమలు లేవా అంటే ఉన్నాయి. ఇల్లెందులో బొగ్గు తవ్వకం 1889లోనే మొదలైంది. పాల్వంచలో కరెంటు, మణుగూరులో బొగ్గు, సారపాకలో 1979 నుంచి కాగితం. నూట ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ నేల మీద పరిశ్రమ ఉంది. ఇంతకాలం పక్కనే ఉన్న గూడేనికి, గేటు లోపలి పర్మినెంటు కొలువుకు మధ్య దూరాన్ని ఒక్క నైపుణ్యంతోనే కొలవగలమా? భూమి, రిజర్వేషను, స్థానికత, కాంట్రాక్టు పద్ధతి అన్నీ ఆ దూరంలో ఉన్నాయి. “నైపుణ్యం లేదు” అన్న మాట వీటన్నిటినీ పక్కకు నెట్టి తప్పంతా పిల్లవాడి నెత్తిన పెడుతుంది. అందుకే ఆ మాటను ఒప్పుకోకూడదంటున్నాను.

మనం చేయగలిగినవి

టీచర్లకు ఒక విన్నపం. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కల గంటలో వారానికి ఒక్కరోజు ఇంటి కాగితాలు తెమ్మనండి. జాబ్ కార్డు, పాస్‌బుక్కు, తునికాకు చీటీ, కరెంటు బిల్లు, పట్టా పుస్తకం. శాతాలు, భిన్నాలు వాటి మీదనే చెప్పండి. నాలుగో వంతు అంటే ఏమిటో నిరుద్యోగ భృతి లెక్కతో చెబితే పిల్లలు మరచిపోరు. వాళ్ళు ఇంటికి పోయి అమ్మానాన్నలకు కూడా చెబుతారు.

శిక్షణకు పోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. బ్యాచ్‌లో చేరేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. కొలువు ఏ ఊళ్ళో? కోతలు పోను చేతికి వచ్చేది ఎంత? ఉండే చోటు ఎవరు చూపుతారు? మూడు నెలల తర్వాత ఇబ్బంది వస్తే ఎవరికి ఫోను చేయాలి? జవాబులు కాగితం మీద రాయించుకోండి. అడిగితే చేర్చుకోరేమో అని భయపడవద్దు. ప్రశ్న అడగటం కూడా ఒక నైపుణ్యమే, ఆ పాఠానికి ఫీజు లేదు.

యువజన సంఘాలకు. శిక్షణకు పోయి తిరిగి వచ్చినవాళ్ళ జాబితా రాయండి. ఎన్నో నెలలో వచ్చారు, ఎందుకు వచ్చారు అని ఒక్కొక్క వాక్యం చాలు. ప్రభుత్వ లెక్కలో పోయినవాళ్ళ సంఖ్య ఉంటుంది. వచ్చినవాళ్ళ కారణాలు మన దగ్గరే ఉండాలి. పది గూడేల జాబితా చేతిలో పెట్టుకొని దర్బారులో మాట్లాడితే ఆ మాటకు బరువు ఉంటుంది.

చివరగా రాసేవాళ్ళకు. పోడు మీద, అడవి మీద, ముంపు మీద మనం చాలా రాశాం, ఇంకా రాయాలి. నగరంలో హాస్టల్ గదిలో ఆరుగురితో పడుకునే కోయ అమ్మాయి, రాత్రి డ్యూటీలో గేటు దగ్గర నిలబడ్డ మన తమ్ముడు, సర్టిఫికెట్ పెట్టెలో పెట్టి మళ్ళీ మిర్చి ఏరటానికి పోతున్న డిగ్రీ పిల్ల మన కథల్లోకి ఇంకా సరిగా రాలేదు. వాళ్ళ మాటల్లోనే వాళ్ళ సంగతి రాయండి.

వచ్చే తునికాకు కాలం మొదలయ్యేలోగా ప్రతి గూడెంలో ఒక సాయంత్రం పది జాబ్ కార్డులు ముందు పెట్టుకొని కూర్చోండి. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళ పక్కన కూర్చోండి. పని అడిగిన తేదీ ఏది, రశీదు ఎక్కడ, ఎన్ని రోజులు పడ్డాయి, ఎన్ని డబ్బులు వచ్చాయి, ఈ నాలుగే చూడండి. కార్డులో రాసినదానికి, ఇంట్లో వాళ్ళు చెప్పినదానికి తేడా ఉంటే అదే రాత్రి అర్జీ రాయండి.